నాన్న ట్రైలర్‌కు కొత్త నేల

మార్చి 12, ఆదివారం

ఇవాళ నాన్న ట్రైలర్ తలుపు తెరిచాను. తాళం తిరగలేదు. నూనె పోసి అరగంట ఆగాల్సి వచ్చింది. నాన్న పోయాక ఈ చక్రాల ఇల్లు ఎనిమిదేళ్ళుగా షెడ్డు వెనక ఆ దేవదారు చెట్ల కింద అలాగే పడి ఉంది. లోపల తడిసిన పేపరు కట్టల వాసన. మంచం పక్కన మూడో అడుగు వేశానో లేదో, కుడికాలు చీలమండ దాకా నేలలోకి దిగబడింది. విరిగిన చప్పుడు కూడా కాలేదు. పాలలో నానిన రొట్టె మీద కాలు వేసినట్టుంది.

జైలు నుంచి తమ్ముడు లోరెన్ విడుదల మే ఒకటి. దానికి ముందు ఏప్రిల్ ఇరవై ఒకటిన పెరోల్ ఆఫీసరు వచ్చి వాడుండబోయే చోటు చూస్తుంది. నేల గట్టిగా, పొడిగా ఉండాలట. హీటరు పనిచేయాలి, పొగ వస్తే మోగే అలారం ఉండాలి, తలుపుకు తాళం ఉండాలి. చోటు బాగాలేదంటే ఇంకో చోటు దొరికేదాకా వాడు లోపలే. వాడు ఇచ్చింది ఒక్క అడ్రసే. అది నాది.

ఇంట్లో చోటు లేదు. వెనకగదిలో కుట్టుమిషన్ ఉంది.

మార్చి 14, మంగళవారం

వాన. ట్రైలర్ మీద నీలం పట్టా కప్పాను. ఒక మూల గాలికి లేచిపోతోంది.

మార్చి 18, శనివారం

మంచం, బెంచీ విప్పి బయట పడేశాను. నేల మీద అతికించిన షీటు ఒక అంచు పట్టి లాగితే చివరిదాకా ఊడి వచ్చింది. కింద చెక్క నల్లగా, పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది.

పక్కింటి డెల్మర్ కంచె అవతల నిలబడి ఎంతసేపు చూశాడో తెలియదు. డెబ్బై తొమ్మిదేళ్ళు, రెండు మోకాళ్ళకీ ఆపరేషన్. అయినా ముప్ఫయ్యేళ్ళు ఫ్యాక్టరీలో ట్రైలర్లు కట్టిన మనిషి ఊరుకుంటాడా. చేతికర్ర పొడుచుకుంటూ వచ్చేశాడు.

"ఏమ్మాయ్, బావి గానీ తవ్వుతున్నావా?"

నాకు యాభై ఏడు. ఆయనకి ఇంకా అమ్మాయినే.

"నేల పుచ్చిపోయింది. మార్చాలి."

"ఎందుకూ?"

"అమ్మేద్దామని" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

బక్కెట్ బోర్లించుకుని కూర్చుని, స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. "జానెడుకోసారి పొడువు. దిగినచోట సుద్దముక్కతో గీత పెట్టు. దిగనిచోట వదిలెయ్. నీ కళ్ళని నమ్మకు, చేతిని నమ్ము."

పొడిచాను. మంచం పక్కన పళ్ళెమంత ఉంటుందనుకున్నది మంచమంత అయింది. అక్కణ్ణించి బీరువా కిందికి పాకింది. అక్కణ్ణించి ముందు గోడ దాకా పోయింది. సుద్దగీత చూస్తుంటే ఏదో దేశం పటంలా ఉంది.

"ఇది నీ కాలు దిగినచోట పుట్టలేదు" అన్నాడు డెల్మర్. ముందు కిటికీ పైన మూలకు కర్ర చూపించాడు. "అదిగో, కప్పూ గోడా కలిసే అతుకు. అక్కడ పుట్టింది. నీళ్ళు దొంగల్లాంటివి. ఒకచోట దూరి, ఇంకోచోట దొరుకుతాయి. ముందు కప్పు సంగతి చూడు. లేకపోతే కొత్త నేల వేసి మళ్ళీ నానబెట్టుకుంటావ్."

మార్చి 19, ఆదివారం

నిచ్చెన వేసుకుని కప్పెక్కాను. అతుకు మీద నీళ్ళు దిగకుండా పూసిన పాత మైనం ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంది. మధ్యాహ్నం దాకా గీకాను. కొత్త పట్టీ అతికించి, మీద తెల్లటి ముద్ద పూశాను. అడుగడుక్కీ కింద నుంచి డెల్మర్ "ఇంకా పుయ్యి, పిసినారితనం చెయ్యకు" అంటూనే ఉన్నాడు.

లోరెన్ పన్నెండేళ్ళప్పుడు ఈ కప్పు మీంచే దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎక్కొద్దని నాన్న పొద్దున్నే చెప్పి ఉన్నాడు. బెల్టు తీశాడు. నేనే తోశానని చెప్పాను. అప్పట్లో వాడి కోసం అబద్ధం చెప్పడం నాకు చాలా తేలిక.

మార్చి 22, బుధవారం

సాయంత్రం లోరెన్ ఫోన్ చేశాడు. జైల్లో వాళ్ళకు పదిహేను నిమిషాలే.

"కింద అడ్డకర్రలు చూశావా అక్కా? పైచెక్క పోతే పోయింది, అవి పోతేనే కష్టం."

"ఇంకా కోయలేదు. శనివారం కోస్తా."

"నువ్వా? రంపంతోనా?"

"ఏం, నేను కోయలేనా? స్కూల్లో రోజూ నూట ఎనభైమందికి వండి పెడుతున్నా. ఒక నేల కోయలేనా?"

నవ్వాడు. చాలాకాలానికి విన్నాను ఆ నవ్వు. తర్వాత ట్రైలర్‌లో మంచం ఏ వైపుంటుంది, కిటికీలోంచి నది కనబడుతుందా అని అడిగాడు. చెట్లు పెరిగాయి, కనబడదని చెప్పాను. పర్లేదన్నాడు.

ఇంకో సంగతి ఎత్తలేదు. ఎప్పుడూ ఎత్తడు. ఆ రోజు ఫోన్ చేసింది నేనని వాడికి తెలియదు. కోర్టులో నా పేరు ఎవరూ అనలేదు.

మార్చి 25, శనివారం

నేల కోశాను. డెల్మర్ తన రంపం తెచ్చాడు. బ్లేడు ఎంత లోతుకు దిగాలో తనే బిగించి ఇచ్చాడు.

"ముప్పావు అంగుళం. వెంట్రుకవాసి కూడా దాటకూడదు. కింద కరెంటు తీగ పోతోందో, గ్యాసు గొట్టమే పోతోందో ఎవడికెరుక. చచ్చేట్టుంటే నాకు చెప్పి చావు."

"చచ్చాక చెప్తా లెండి."

"నీ నోటికి మీ అమ్మ పోలికే."

చెక్క ముక్కలు ముక్కలుగా వచ్చింది. కొన్నిచోట్ల రంపం కూడా అక్కర్లేకపోయింది, చేత్తో తీస్తే వచ్చేసింది. కింద చలి ఆపడానికి పరిచిన గులాబీరంగు దూది పరుపు నీళ్ళు పీల్చి, తడిసిన గొర్రెపిల్లంత బరువుంది. అందులో ఎలుకల గూళ్ళు. ఆరు సంచులు నిండాయి. అడ్డకర్రలు పదకొండింట్లో నాలుగు పుచ్చిపోయాయి. ఒకదాన్ని పట్టుకుంటే కాఫీపొడిలా చేతిలో రాలింది.

ఇప్పుడు ట్రైలర్ మధ్యలో పెద్ద గొయ్యి. అడుగున నల్ల రేకు. తలుపు దగ్గర నిలబడి చూస్తే, ఇందులో మనిషి ఉండబోతున్నాడంటే నమ్మబుద్ధి కాలేదు.

మార్చి 26, ఆదివారం

ఈ పుస్తకం ఎవరూ చదవరు. అందుకని రాస్తున్నాను.

ఆరేళ్ళ కిందట నవంబరు. ఆదివారం, నాలుగు దాటింది, పొగమంచు. లోరెన్ వచ్చి ట్రక్కు వాకిట్లో కాకుండా షెడ్డు వెనక పెట్టాడు. స్నేహితుల ఇంట్లో ఫుట్‌బాల్ ఆట చూసి వస్తున్నానన్నాడు. తాగిన వాసన గుమ్మం దాకా కొట్టింది. "జింక తగిలిందక్కా" అన్నాడు. సోఫాలో పడి నిద్రపోయాడు. నేను వెళ్ళి ట్రక్కు చూశాను. కుడి దీపం పగిలింది. ముందు జాలీలో బూడిదరంగు ఊలు ముక్క ఇరుక్కుని ఉంది. మఫ్లరు ముక్క. జింకలు మఫ్లర్లు కట్టుకోవు.

లోపలికొచ్చి వాడి మీద దుప్పటి కప్పాను. పోలీసులకు ఫోన్ చేశాను.

వంతెన దగ్గర కాలవలో ఎమిల్ వాస్కో దొరికాడు. రిటైరైన పోస్ట్‌మ్యాన్. రోజూ ఆ వేళకు నడుస్తాడు. ప్రాణం ఉంది. రెండు రోజులు ఉంది.

చూసిన వెంటనే ఫోన్ చేశాను.

మార్చి 28, మంగళవారం

చూసిన వెంటనే.

ఏప్రిల్ 1, శనివారం

కొత్త అడ్డకర్రలు నాలుగు బిగించాను. సగం బాగున్న పాత కర్రలను తియ్యనియ్యలేదు డెల్మర్. వాటి పక్కనే కొత్తవి ఆనించి, జిగురు రాసి, బోల్టులతో కలిపి బిగించమన్నాడు. ప్రతి కర్రకూ పుచ్చు పట్టని మందు రెండుసార్లు పూశాను. ఆ ఘాటుకు పట్టిన దగ్గు ఇంకా తగ్గలేదు.

మధ్యాహ్నం ఇద్దరం మెట్టు మీద కూర్చుని శాండ్‌విచ్‌లు తింటుంటే డెల్మర్ హుషారుగా చెప్పాడు: "నీకు బేరం తెచ్చా. మా మేనల్లుడు కొంటాడు. వేటకు పనికొస్తుందట. రేపు చూడ్డానికి రమ్మన్నా."

నా శాండ్‌విచ్ మెట్టు మీద పెట్టేశాను.

"రావద్దని చెప్పండి."

"ఏం, ఇంకెవరైనా ఎక్కువిస్తామన్నారా?"

"అమ్మట్లేదు. మీకు అబద్ధం చెప్పా. లోరెన్ వస్తున్నాడు. ఇందులో ఉంటాడు."

చేతిలో శాండ్‌విచ్ కాగితంలో చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎమిల్ నాకు పేకాటలో జత" అన్నాడు. "ఇరవై రెండేళ్ళు. ప్రతి గురువారం."

"తెలుసు."

"తెలిసే నా చేత ఇదంతా చేయించావన్నమాట."

ఆయన లేవడానికి చెయ్యి అందించాను. పట్టుకోలేదు. కర్ర మీదే బరువు మోపి లేచి వెళ్ళాడు. రంపం ఇక్కడే వదిలేశాడు.

ఏప్రిల్ 5, బుధవారం

డెల్మర్ కంచె దగ్గరకు రాలేదు. రంపం తుడిచి వాళ్ళ వరండాలో పెట్టి వచ్చాను. తలుపు కొట్టలేదు.

ఏప్రిల్ 8, శనివారం

ఒక్కదాన్నే చేస్తున్నాను. కష్టం ఏమీ లేదు.

ముందు గోడ అడుగున పొడుగ్గా ఒక చెక్క ఉంటుంది, గోడంతా దాని మీదే ఆనుతుంది. అది పుచ్చిపోయింది. దాన్ని మార్చాలంటే గోడను వేలెడు మందం పైకి లేపి పట్టాలి. కారు జాకీ పెట్టాను. లేచింది. బయట రేకు కిర్రుమని ముడుచుకుంది. జాకీ పక్కకు జారి గోడ కూర్చుంది. నా కుడిచేతి బొటనవేలు దాని కింద నలిగింది.

చెక్క అక్కడే ఉంది. ఇంకా పదమూడు రోజులు.

ఏప్రిల్ 11, మంగళవారం

గోరు ఊడిపోయేలా ఉంది. ఎడమచేత్తోనే వడ్డించాను. ఎలా తగిలిందని పిల్లలు అడిగితే మొసలి కరిచిందన్నాను. ఎవరూ నమ్మలేదు.

లోరెన్ ఫోన్. నేల ఎందాకా వచ్చిందని అడిగాడు. అయిపోవచ్చిందన్నాను.

ఏప్రిల్ 16, ఈస్టర్ ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. పాత బట్టలు కట్టుకుని ట్రైలర్ దగ్గరకు పోయేసరికి డెల్మర్ అక్కడున్నాడు. చర్చి కోటుతోనే వచ్చాడు. చిన్న చక్రాల బండిలో సీసాల్లా నిలబడే రెండు జాకీలు, దిట్టమైన దుంగ ఒకటి.

"వాడి కోసం రాలేదు" అన్నాడు, నేను నోరు తెరవక ముందే. "నిన్న కిటికీలోంచి చూశా. నువ్వు పెట్టినట్టు జాకీ పెడితే గోడ నీ మీద పడుద్ది. ఈ వీధికి ఇంకో చావు అక్కర్లేదు."

"సరే."

"సరే అనకు. ఆ దుంగ ఇటు పెట్టు. బరువు ఒక్క చోట పడకూడదు, పొడుగంతా పడాలి. రెండు వైపులా ఒకేసారి, పావు చుట్టు, పావు చుట్టు. వంట చేసే చెయ్యి నీది, తొందరెందుకు నీకు?"

పావు చుట్టు. ఆగడం. చూడడం. పావు చుట్టు. గోడ లేచింది, రేకు చప్పుడు చేయలేదు. పాత చెక్క ఉలితో తవ్వి తీశాను. కొత్తది సుత్తితో లోపలికి తట్టాను. గోడ దించాం. గిన్నె మీద మూత కూర్చున్నట్టు కూర్చుంది.

ఇంట్లోంచి హామ్, బంగాళాదుంపలు తెచ్చి పెట్టాను. తిన్నాడు. తింటూ అన్నాడు: "ఎమిల్ వాళ్ళావిడ ఇర్మా ఇవాళ చర్చిలో కనబడింది. మనిషి సగమైపోయింది. ఒక్కటి చెప్పనా, ఆ రోజు ఎవరో ఫోన్ చేశారు చూడు. లేకపోతే తెల్లారేదాకా ఎమిల్ ఆ కాలవలోనే. చేశారు గనక రెండు రోజులు ఇర్మా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఎవరోగానీ, గొప్ప మనిషి."

నా వైపు చూడలేదు. ఆయనకు తెలుసో తెలియదో నాకు తెలియదు. నేను నేల మీద పడ్డ స్క్రూలు ఏరుతూ ఉండిపోయాను.

ఏప్రిల్ 17, సోమవారం

వెంటనే కాదు.

నాలుగూ ముప్ఫై అయిదుకు ట్రక్కు చూసి లోపలికి వచ్చాను. స్టవ్ మీది గడియారం చూశాను గనక తెలుసు. దుప్పటి కప్పాను. అది నిజం. తర్వాత కాఫీకి నీళ్ళు పెట్టాను. సింకులో గిన్నెలున్నాయి, కడిగాను. ఎవరో ఒకరు చూసే ఉంటారు, ఆసుపత్రికి తీసుకుపోయే ఉంటారు అనుకున్నాను. మఫ్లరు ముక్క ఎప్పటిదో అయి ఉంటుంది అనుకున్నాను. వాడు సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, చిన్నప్పటిలాగే. పెనం కడిగాను. అది శుభ్రంగానే ఉంది, మళ్ళీ కడిగాను. తువ్వాళ్ళు మడిచాను. ఫోన్ తీసేసరికి అయిదుం పావు.

నలభై నిమిషాలు. బయట మంచు కురవబోయే చలి.

ముందే తెచ్చి ఉంటే బతికేవాడా అని కోర్టులో డాక్టరును అడిగారు. చెప్పలేం అన్నాడు. చెప్పలేం అంటే కాదని కాదు.

ఏప్రిల్ 19, బుధవారం

పొడి దూది పరిచాను. డెల్మర్ కొలతలు చెప్పాడు, నేను ప్లైవుడ్ కోశాను. జిగురు, పైన స్క్రూలు, బెత్తెడుకొకటి. ఆఖరి పలక అంచు ఒక పిసరు పెద్దదైంది. చెక్కి, మళ్ళీ పెట్టి, మళ్ళీ చెక్కాను. మూడోసారికి కూర్చుంది.

దాని మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. చెప్పులు విప్పి ఇంకోసారి నడిచాను.

ఏప్రిల్ 21, శుక్రవారం

పెరోల్ ఆఫీసరు కింటానా వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, బురదలో నడవడానికి బూట్లు వేసుకొచ్చింది. హీటరు వేసి చూసింది, అలారం నొక్కి చూసింది, తాళం తిప్పి చూసింది. నేల మీద మడమతో తన్ని చూసింది.

"ఎవరు చేశారండీ?"

"నేనే. పక్కింటాయన దగ్గరుండి చేయించాడు."

"మా వంటింటి నేల ఇంత గట్టిగా లేదు" అంది. కాగితం మీద సంతకం పెట్టింది. తర్వాత షరతులు చదివింది. తాగకూడదు. బండి నడపకూడదు. వాస్కో గారి కుటుంబానికి ఉత్తరం రాయకూడదు, ఫోన్ చేయకూడదు, వాళ్ళ గడప తొక్కకూడదు.

"మీ ఇంట్లో ఇంకో పడగ్గది ఉన్నట్టుందే?"

"కుట్టుమిషన్ ఉంది" అన్నాను.

కాగితం మీద రాసుకుంది.

ఆవిడ వెళ్ళాక వెనకగదిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆ మిషన్ మీద నేను ఆఖరిసారి ఎప్పుడు కుట్టానో గుర్తు లేదు. గది కాదు సంగతి. ఆ సోఫా ఉన్న ఇంట్లో వాడు నిద్రపోతుంటే నేను చూడలేను.

మే 1, సోమవారం

వచ్చాడు. బస్సు దిగినప్పుడు గుర్తు పట్టలేదు. జుట్టు నెరిసింది. చేతిలో అట్టపెట్టె ఒకటి. కావలించుకోవాలా వద్దా అని ఇద్దరం ఒక క్షణం నిలబడిపోయాం. తర్వాత వాడే పెట్టె కింద పెట్టాడు.

ట్రైలర్‌లో కాలు పెట్టి, అడుగు తీసి అడుగు వేసి, నెమ్మదిగా మొత్తం నడిచాడు. "పైన షీటు ఎందుకు వెయ్యలేదు?" అన్నాడు.

"నీ కోసం ఉంచా. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చుంటావా?"

మే 4, గురువారం

పొద్దున వాడు వాకిలి ఊడుస్తుంటే డెల్మర్ కంచె దగ్గరకు వచ్చాడు. కిటికీలోంచి చూశాను. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. రెండు మూడు మాటలే. డెల్మర్ చెయ్యి ఇవ్వలేదు. కానీ షీటు కోసే కత్తి కంచె మీద పెట్టి వెళ్ళాడు.

మే 6, శనివారం

షీటు పరిచాం. ఇద్దరం మోకాళ్ళ మీద, వాడు జిగురు రాస్తూ, నేను వెనక నుంచి చుట్ట విప్పుతూ. బయట ఎండ. తలుపు తీసే ఉంది. జిగురు ఆరక ముందే చేయాలి గనక చేతులు ఆపడానికి లేదు. అందుకే చెప్పగలిగాననుకుంటాను.

"ఆ రోజు ఫోన్ చేసింది నేనేరా."

"తెలుసు" అన్నాడు. జిగురు రాస్తూనే ఉన్నాడు. "మొదటి వారంలోనే లాయరు కాగితాలు చూపించాడు. పేరుంది."

"ఆరేళ్ళుగా తెలుసా? మరి ఒక్కసారి కూడా..."

"ఏమనమంటావ్? థాంక్స్ అననా? ఫోన్లో అనే మాటా అది?"

"నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది. ఏడాది పాటు వచ్చింది. తర్వాత పోయింది." మోకాళ్ళ మీద వెనక్కి కూర్చున్నాడు. "అడ్రసు అడిగినప్పుడు గస్ పేరు ఇవ్వొచ్చు. పాత ఫ్రెండు, ఇల్లు పెద్దది, వెంటనే ఊ అనేవాడు. నీ పేరే ఇచ్చా. రేపు నేను మళ్ళీ సీసా పట్టుకుంటే గస్‌గాడు దుప్పటి కప్పి ఊరుకుంటాడు. నువ్వు దుప్పటీ కప్పావు, ఫోనూ చేశావు. అలాంటి మనిషి పక్కనే ఉండాలనుకున్నా అక్కా."

అక్కడితో ఆపెయ్యొచ్చు. ఆరేళ్ళుగా ఎవరైనా నాతో ఇలాంటి మాట అంటారా అని ఎదురు చూశాను. తీరా అన్నాక అది నా ఒంటికి పట్టలేదు.

"వెంటనే చెయ్యలేదు" అన్నాను.

"ఏంటి?"

"మఫ్లరు ముక్క చూశాక వెంటనే చెయ్యలేదు. గిన్నెలు కడుక్కుంటూ కూర్చున్నా. నలభై నిమిషాలు."

వాడు నా వైపు చూశాడు. జిగురు గరిటె చేతిలో ఉంది. దాని అంచు నుంచి ఒక చుక్క నేల మీద పడింది, ఇంకొకటి పడింది.

"ఎవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలేదు. నీకే."

తల ఊపాడు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. "వంతెన నుంచి మీ ఇంటికి ఇరవై నిమిషాలు" అన్నాడు. "నా ఫోన్ నా జేబులోనే ఉంది. లోపలున్నన్నాళ్ళూ ఆ ఇరవై నిమిషాల్లోనే ఉన్నా నేను. నీ నలభై సంగతి నాకు తెలీదు." ఆగాడు. "ఆ చుట్ట లాగు. జిగురు ఆరిపోద్ది."

లాగాను. చివరిదాకా పరిచాం. అంచులు వాడే కోశాడు. ఒక్క బుడగ కూడా రాలేదు.

మే 7, ఆదివారం

రాత్రి భోజనానికి రాలేదు. పొద్దునా రాలేదు. పళ్ళెం మెట్టు మీద పెట్టాను. మధ్యాహ్నానికి కడిగిన పళ్ళెం అక్కడే ఉంది.

మే 8, సోమవారం

పళ్ళెం మళ్ళీ మెట్టు మీదే పెట్టాను.

మే 10, బుధవారం

వాడికి కలప డిపోలో పని దొరికింది. ఆరున్నరకు నేనే దింపాలి. వంతెన వైపు తిరగాల్సిన చోట నేను పైరోడ్డు పట్టాను. అప్పుడన్నాడు.

"ఎప్పుడూ ఇటే వెళ్తావా?"

"ఆరేళ్ళుగా."

"చుట్టుదారి."

"అవును."

ఇంకాస్త దూరం పోయాం.

"మూడు రోజులు ఆలోచించా అక్కా. నీ మీద కోపం తెచ్చుకుందామని చూశా. అప్పుడు నాది కొంచెం తగ్గుద్దేమోనని. తగ్గలేదు. నాది నాదే, నీది నీదే. ఒకరిది ఒకరు మొయ్యలేం."

"మొయ్యమని అడగలేదురా."

"తెలుసు. నేను ఇర్మా గారి గడప తొక్కకూడదని కాగితం మీద రాసుంది. ఆవిడకి ఒక్క మాట చెప్పుకునే దారి నాకు లేదు. బతికినన్నాళ్ళలో ఆ దారి ఎప్పటికైనా దొరుకుతుందో లేదో." కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "నీకు ఏ కాగితమూ లేదుగా."

డిపో దగ్గర దిగాడు. తలుపు వేయబోయి, వంగి, "సాయంత్రం అయిదింటికి" అన్నాడు. నేను వచ్చేదాకా బయట నిలబడి ఉంటానని.

మే 12, శుక్రవారం

ఇర్మాకెందుకు మళ్ళీ బాధ? ఇప్పుడు తెలిసి ఏం లాభం? మనసు కొంచెం కుదుటపడి ఉంటుంది. అది కదపడం పాపం. ఇలా పేజీ నిండా రాయగలను. గిన్నెలు కడిగినప్పుడు కూడా ఇలాంటివే అనుకున్నాను.

మే 13, శనివారం

వెళ్ళాను. పది గంటలకు. ఏమీ పట్టుకెళ్ళలేదు. కేకు చేద్దామనుకుని, గిన్నె తీసి, మళ్ళీ పెట్టేశాను.

ఇర్మా వాస్కో తలుపు తీసింది. నా పేరు తెలుసు ఆవిడకు. "నువ్వు టోర్విక్ వాళ్ళ అమ్మాయివి కదూ" అంది. లోపలికి రమ్మంది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాం. రెండు కుర్చీలున్నాయి, నేను ఏది లాక్కోవాలో తెలియక నిలబడితే, "అందులో కూర్చో, పర్లేదు" అంది.

చెప్పాను. గంటలతో సహా చెప్పాను. నాలుగూ ముప్ఫై అయిదు, అయిదుం పావు. పెనం రెండుసార్లు కడిగిన సంగతి కూడా చెప్పాను. భయపడ్డాననిగానీ, తమ్ముడనిగానీ అనలేదు. ఆవిడ అడ్డం రాలేదు. అంతా అయ్యాక బల్ల మీద చెయ్యి ఉంచింది. తర్వాత మాట్లాడింది.

ఏమందో ఇక్కడ రాయను. దాచడానికి కాదు. అవి ఆవిడ మాటలు.

ఇంటికొచ్చేసరికి లోరెన్, డెల్మర్ ట్రైలర్ కింద ఏదో చూస్తున్నారు. డెల్మర్ బక్కెట్ మీద, వాడు వెల్లకిలా నేల మీద, కాళ్ళు మాత్రమే బయటికి. "ఆ లైటు ఇటు పట్టమ్మాయ్" అన్నాడు డెల్మర్. "మీవాడికి చీకట్లో ఏమీ కనబడట్లేదు."

పట్టాను.